పాత కంప్యూటరుకు క్రొత్త డిస్కు

చింతలపూడిలోని ఒక పాఠశాల కార్యాలయమున పదేండ్లనాటి కంప్యూటరు ఉన్నదనుకొందము. ఉదయము మీట నొక్కిన పిమ్మట తెరమీద పని మొదలగుటకు నాలుగైదు నిమిషములు పట్టును. విద్యార్థుల మార్కులు, ప్రవేశ వివరములు అన్నియు అందులోనే కలవు. యంత్రము ముసలిదైనది, మార్చవలసినదే అని తోచుట సహజము. కాని పెక్కుసార్లు ఈ జాప్యమునకు కారణము లెక్కలు చేయు ప్రాసెసరు కాదు. సమాచారమును దాచు హార్డ్ డిస్కు.

హార్డ్ డిస్కులో అయస్కాంతపు పూత గల బిళ్ళలు ఇరుసుపై వేగముగా తిరుగుచుండును. సన్నని చేయి చివరనున్న శీర్షము బిళ్ళను తాకకయే దానిపైనున్న అయస్కాంతపు గుర్తులను చదువును. ఈ పద్ధతి 1956 నాటిది. ఆ యేట అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన మొదటి డిస్కు యంత్రములో 24 అంగుళముల బిళ్ళలు 50 ఉండెను. అన్నియు కలిసి 50 లక్షల అక్షరములను మాత్రమే దాచగలిగెను.

తిరునాళ్ళలో రంగులరాట్నము ప్రక్క నిలిచిన బాలుడు తాను కోరిన గుఱ్ఱము ఎదుటికి వచ్చువరకు వేచియుండును గదా! శీర్షమును అట్లే కావలసిన చోటు తనక్రిందికి వచ్చువరకు వేచియుండవలెను. నిమిషమునకు 7,200 చుట్లు తిరుగు డిస్కునకు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకండ్లు పట్టును. సగటు నిరీక్షణ అరచుట్టు, అనగా 4.2 మిల్లీసెకండ్లు. చేయి కదలుటకు మరి తొమ్మిది. మొత్తము సుమారు 13 మిల్లీసెకండ్లు. కావున సెకండునకు 75 చోట్లకంటె ఎక్కువ చదువుట కష్టము. కంప్యూటరు మేల్కొనునప్పుడు వేలకొలది చిన్న ఫైళ్ళను వెదకవలసియుండును.

ఎస్.ఎస్.డి. అను క్రొత్తరకపు డిస్కులో తిరుగు భాగములే లేవు. అందు సమాచారము చిప్పులలో విద్యుదావేశ రూపమున నుండును. ఏ చోటికైనను చేరుటకు మిల్లీసెకండులో పదియవ వంతు చాలును. అయితే ఇది ప్రాసెసరు వేగమును పెంచదు; మెమరీ కొరతను తీర్చదు.

మార్పునకు ముందు రెండు సంగతులు చూడవలెను. మొదటిది కేబులు: సన్నని సాటా కేబులు గల యంత్రమునకు 2.5 అంగుళముల ఎస్.ఎస్.డి. సరిపోవును, వెడల్పాటి పట్టీవంటి కేబులు గల మరింత పాతవానికి నేరుగా అమరదు. రెండవది పరిమాణము: పాత పద్ధతిలో డిస్కులోని గడుల సంఖ్యను 32 బిట్లతో వ్రాయుదురు. గడికి 512 బైట్ల చొప్పున గుణించినచో సుమారు 2.2 టెరాబైట్లగును. అంతకు మించిన భాగమును అట్టి యంత్రము ఉపయోగించుకొనలేదు.

అన్నిటికంటె ముఖ్యము నకలు. స్క్రూ విప్పుటకు ముందే సమాచారమునంతను వేరొక డిస్కుమీదికి తీసి, ఆ ఫైళ్ళు తెరచుకొనుచున్నవో లేదో చూడవలెను. పాత డిస్కు టిక్కుటిక్కుమని చప్పుడు చేయుచున్నచో ఈ పనిలో ఒక్కరోజైనను ఆలస్యము తగదు. పిదప విద్యుత్తు తీగ తొలగించి, పెట్టెయొక్క లోహభాగమును తాకి శరీరమందలి స్థిరవిద్యుత్తును పోగొట్టుకొని, పాత డిస్కునుండి రెండు కేబుళ్ళు ఊడదీసి క్రొత్తదానికి తగిలించవలెను. తరువాత పాత డిస్కు ప్రతిరూపమును దానిపైకి ఎక్కించవచ్చును. లేదా ఆపరేటింగ్ సిస్టమును క్రొత్తగా నెలకొల్పవచ్చును.

తీసివేసిన డిస్కును అట్లే అమ్మరాదు. ఫైలును చెరుపుట విషయసూచికలో పేరు కొట్టివేయుట వంటిది. పుట అచ్చటనే యుండును. డిస్కు అంతటిపై క్రొత్త సమాచారమును వ్రాయించిన పిమ్మటనే విద్యార్థుల వివరములు పరులచేతబడక సురక్షితముగా నుండును.