వెనక బంపర్ బిగించే పద్ధతి

పికప్ బండి వెనక బంపర్ మీద నిలబడి ఊరికి పోనివాళ్ళు మన హాస్టల్లో ఎంతమంది ఉంటారు? పండగ సెలవులకు బస్సు దొరక్కపోతే ఇందుకూరుపేట రోడ్డున పోయే రొయ్యల బండే మనకు దిక్కు. ఒకసారి మేము నలుగురం అలా వేలాడుతూ పోతుంటే బండి గుంతలో పడి బంపర్ ఒకవైపు ఊడింది. నిదానంగా పోతోంది కాబట్టి మోకాళ్ళు చెక్కుకుపోవడంతో సరిపోయింది. ఆ బంపర్ మార్చేటప్పుడు షాపులో పానాలు అందించింది మేమే. అక్కడ నేర్చుకున్నది రాస్తున్నాము.

తప్పు మా బరువుది మాత్రమే కాదు. ట్రేలలో ఐసు కరిగి, ఉప్పునీళ్ళతో కలిసి, వెనక డోరు సందుల్లోంచి నేరుగా ఛాసీ చివరల మీద కారుతుంది. దానికి తోడు సముద్రపు గాలి. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల ఇనుము పొరలు పొరలుగా లేచిపోతుంది. ఎవరో ఆ తుప్పు మీదే వెల్డింగ్ పెట్టి పాత బంపర్ అతికించారు. తుప్పుకు అతికిన ఇనుము ఎన్నాళ్ళు ఆగుతుంది?

కాబట్టి కొత్త బంపర్ కొనే ముందే ఛాసీ చివరలను సుత్తితో తట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది. పొలుసులు రాలితే ముందు దాని మరమ్మతు. బండిని చదునైన చోట ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, బ్యాటరీ మైనస్ వైరు తీయాలి. నంబరు ప్లేటు లైటు వైరు మరిచిపోతే తెగిపోతుంది (మేము తెంచాము). పట్టేసిన నట్లకు ముందురోజు రాత్రే కిరసనాయిలు పోసి ఉంచితే సగం పని తప్పుతుంది. తర్వాత వైరు బ్రష్షుతో గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి ఆరనివ్వాలి.

బ్రాకెట్లను కంపెనీ ఇచ్చిన రంధ్రాలకే బిగించాలి. ఛాసీ పై అంచుకు గానీ కింది అంచుకు గానీ కొత్త రంధ్రం వేయకూడదు, బరువు లాగేది ఆ అంచులే. బంపర్‌ను ఇద్దరు పట్టుకోవాలి. మొదట బోల్టులన్నీ వదులుగా ఎక్కించి, రెండువైపులా నేల నుంచి టేపుతో కొలిచి, సమానంగా ఉంటేనే బిగించాలి. ఒక బోల్టు ముందే గట్టిగా బిగిస్తే రెండోది రంధ్రంలో కూర్చోదు. స్ప్రింగ్ వాషర్లు తప్పనిసరి. వెనక డోరు పూర్తిగా దించి బంపర్‌కు తగలడం లేదని చూసుకోవాలి.

ఎత్తు సంగతి చిన్నది కాదు. రాత్రిపూట ఆగి ఉన్న బండిని బైకు గుద్దితే, కిందికి దూరిపోకుండా ఆపేది ఈ ఇనుమే. పెద్ద లారీలకైతే ఖాళీ బండి మీద వెనక అడ్డు కింది అంచు నేలకు 550 మిల్లీమీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదని నియమం ఉంది. వెనకవైపు ఎర్ర రిఫ్లెక్టర్ టేపే అంటించాలి, తెలుపు ముందుకు.

వారం తిరిగాక నట్లు మళ్ళీ బిగించాలి. సరుకు దించిన ప్రతిసారీ మంచినీళ్ళతో ఛాసీ చివరలు కడగాలి. ఆ బండి డ్రైవరన్న ఇప్పుడు కడుగుతున్నాడు. మమ్మల్ని మాత్రం బంపర్ ఎక్కనివ్వడం లేదు.