ఎలక్షన్ ప్రచారం నుంచి మీ బిజినెస్ ఏం నేర్చుకోవచ్చు?

ఈరోజు ఎపిసోడ్‌లో పాలిటిక్స్ మాట్లాడుకుందాం, కానీ ఓటు ఎవరికి వెయ్యాలని కాదు. పార్టీలు మనల్ని ఎలా ఒప్పిస్తాయి, అందులో ఒక చిన్న బిజినెస్‌కి పనికొచ్చేది ఏముంది అనేదే టాపిక్. అన్ని పార్టీల ఉదాహరణలూ వస్తాయి. మీ పార్టీ పేరు వచ్చిందని ఫీల్ అవ్వకండి.

అసలు ఎందుకు నేర్చుకోవాలి? మీరొక కర్రీ పాయింట్ పెట్టారనుకోండి. ఈరోజు అమ్ముడుపోకపోతే రేపు చూసుకోవచ్చు. పార్టీకి అలా కుదరదు. పోలింగ్ ఒక్కరోజే. ఆరోజు సాయంత్రానికి అమ్ముడుపోలేదంటే మళ్లీ 5 ఏళ్లు ఆగాలి. అందుకే మార్కెటింగ్‌లో ఏది పనిచేస్తుందో వాళ్లు చాలా సీరియస్‌గా వెతుకుతారు.

మొదటిది: జనం మనసులో ఆల్రెడీ ఉన్న మాట పట్టుకోవాలి

ఎన్టీఆర్ 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టారు. 1983 జనవరిలో ఎలక్షన్. అంటే చేతిలో ఉన్నది సుమారు 9 నెలలు. 294 సీట్లున్న అసెంబ్లీలో 200కు పైగా గెలిచారు. సినిమా గ్లామర్ వల్లే అని చాలామంది అంటారు. గ్లామర్ ఉంది, కాదనలేం. కానీ సినిమా స్టార్లు పార్టీ పెట్టిన ప్రతిసారీ గెలవలేదు కదా?

అప్పటి పరిస్థితి చూడండి. 1978 ఎలక్షన్ తర్వాత ఆ 5 ఏళ్లలోపే కాంగ్రెస్ నలుగురు ముఖ్యమంత్రులను చూపించింది. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కర రెడ్డి. మన ముఖ్యమంత్రిని ఢిల్లీలో డిసైడ్ చేయడమేంటన్న మంట జనంలో అప్పటికే ఉంది. ఎన్టీఆర్ దానికి ఒక పేరు పెట్టారు: తెలుగువారి ఆత్మగౌరవం. కొత్త బాధ సృష్టించలేదు, ఉన్న బాధకి మాట ఇచ్చారు.

మీ బిజినెస్‌లో కూడా అంతే. "మా దగ్గర హై క్వాలిటీ" అంటే ఎవరికీ ఏమీ అనిపించదు. హాస్టల్ కుర్రాడి బాధ ఏంటి? బయట కూర తింటే కడుపులో మంట. "నూనె తక్కువ, కారం తక్కువ, ఇంట్లో తిన్నట్టే" అనండి. వాడి మాటనే వాడికి తిరిగి చెప్పినట్టు.

రెండోది: ప్రామిస్ ఒక్క ముక్కలో ఉండాలి

కిలో బియ్యం 2 రూపాయలు. ఇంతే. చదువు రాని అవ్వకి కూడా ఒక్కసారికే అర్థమైపోతుంది, పక్కింటికెళ్లి చెప్పగలదు. "పేదల ఆహార భద్రతకు కట్టుబడి ఉన్నాం" అని ఉంటే ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

మీ ఆఫర్‌ని ఇలా టెస్ట్ చేయండి. మీ కస్టమర్ ఫోన్‌లో తన ఫ్రెండ్‌కి దాన్ని ఒక్క వాక్యంలో చెప్పగలడా? "కండిషన్స్ అప్లై" అని నాలుగు లైన్లు చదవాల్సి వస్తే అది ఆఫర్ కాదు, పజిల్.

మూడోది: ముందు వినాలి, తర్వాత అమ్మాలి

2003 ఎండాకాలంలో వైఎస్ రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా 1,400 కిలోమీటర్లకు పైగా నడిచారు. అప్పటికే కరువు, కరెంటు బిల్లులు, రైతుల అప్పులు. ఊరూరా రైతులు ఇదే చెప్పుకున్నారు. 2004లో గెలిచాక, ప్రమాణ స్వీకారం రోజే తొలి సంతకం రైతులకు ఉచిత కరెంటు మీద పెట్టారు. పాదయాత్రని చాలామంది పబ్లిసిటీగా చూస్తారు. నన్నడిగితే అది మార్కెట్ రీసెర్చ్ కూడా. తర్వాత చంద్రబాబు, జగన్, లోకేశ్ కూడా నడిచారంటే ఊరికే కాదు.

మీరు నడవక్కర్లేదు. మీ దగ్గర ఒకసారి కొని మళ్లీ రాని 10 మందికి ఫోన్ చేసి ఎందుకు రాలేదో అడగండి. డిస్కౌంట్ గురించి మాట్లాడొద్దు, జస్ట్ వినండి.

నాలుగోది: మనకు నచ్చింది కాదు, లెక్క చెప్పింది నమ్మాలి

ఇది అమెరికా కథ. ఒబామా 2008 ప్రచారంలో, వెబ్‌సైట్ మొదటి పేజీలో ఈమెయిల్ తీసుకునే బటన్ ఉండేది. టీమ్ 4 రకాల బటన్లు, 6 రకాల ఫొటోలూ వీడియోలూ కలిపి మొత్తం 24 కాంబినేషన్లు టెస్ట్ చేసింది. టీమ్‌లో వాళ్లకి వీడియోలే నచ్చాయి. రిజల్ట్ చూస్తే అన్ని వీడియోలూ ఫొటోల కంటే వెనకబడ్డాయి. గెలిచింది ఒక సింపుల్ ఫ్యామిలీ ఫొటో, దాని కింద "లెర్న్ మోర్" అనే బటన్. పాత పేజీలో 100 మందిలో 8 మంది సైన్ అప్ అయితే, ఇందులో 11 మందికి పైగా అయ్యారు.

మీరూ రెండు పోస్టర్లు చేసి, రెండింటికీ 200 రూపాయల చొప్పున యాడ్ పెట్టండి. ఏ పోస్టర్ చూసి ఎక్కువ మంది మెసేజ్ చేశారో దానికే మిగతా డబ్బు పెట్టండి.

ఐదోది: ఇష్టపడితే చాలదు, బూత్ దాకా రావాలి

ఇది చాలామంది వదిలేసే పాయింట్. సభకి లక్షమంది వచ్చినా ఓటు పడకపోతే సున్నా. అందుకే బీజేపీ "పన్నా ప్రముఖ్" అని పెట్టింది. అంటే ఓటర్ల లిస్టులో ఒక్క పేజీకి ఒక మనిషి. ఆ పేజీలో ఉన్నవాళ్లని కలవడం, పోలింగ్ రోజు బూత్ దాకా తీసుకురావడం ఆయన పని.

మీ ఇన్‌స్టాలో లైక్స్ అంటే సభకి వచ్చిన జనం. వాట్సాప్‌లో "రేటెంత?" అని అడిగినవాడు మీ ఓటరు. వాడికి 6 గంటల తర్వాత రిప్లై ఇస్తే? వాడు పక్క బూత్‌కి వెళ్లిపోతాడు. యాడ్ బడ్జెట్ పెంచే ముందు రిప్లై టైమ్ తగ్గించండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

మరి నేర్చుకోకూడనిది ఏంటి?

2004లో కేంద్రంలో ఎన్డీఏ ప్రభుత్వం "ఇండియా షైనింగ్" అని భారీగా యాడ్స్ ఇచ్చింది, అయినా ఓడిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 175 సీట్లకి, అధికారంలో ఉన్న టీడీపీ 2019లో 23కి, అధికారంలో ఉన్న వైసీపీ 2024లో 11కి వచ్చేశాయి. ఇద్దరికీ ప్రచారానికి లోటు లేదు. ఓటమికి కారణాలు చాలా ఉంటాయి. కానీ ఒకటి మాత్రం క్లియర్: జనం రోజూ చూస్తున్నదాన్ని యాడ్ మార్చలేదు. కూర బాగోకపోతే పోస్టర్ ఏం చేస్తుంది?

ఇంకో పెద్ద తేడా ఉంది. మేనిఫెస్టోలో చెప్పింది చెయ్యకపోతే ఓటరు 5 ఏళ్లు ఆగాలి. మీ కస్టమర్ ఆగడు. ఆ రాత్రే ఒక స్టార్ రేటింగ్ ఇచ్చి వెళ్లిపోతాడు. పైగా వ్యాపారికి చట్టం కూడా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే యాడ్‌కి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఆ యాడ్‌ని ప్రమోట్ చేసినవాళ్లకీ అది వర్తిస్తుంది. ఇన్‌ఫ్లుయెన్సర్ ఫ్రెండ్స్, వింటున్నారా?

అలాగే ఎదుటివాళ్లని తిట్టడం. ఎలక్షన్‌లో ఒక్కడే గెలవాలి కాబట్టి అక్కడ అది నడుస్తుంది. మీ వీధిలో రెండు కర్రీ పాయింట్లూ బతకొచ్చు. పక్కషాపుని తిడితే జనానికి రెండింటి మీదా డౌట్ వస్తుంది.

సో ఫ్రెండ్స్, ఈ వారం ఒక్క పని చేయండి. మీ షాప్, మీ పేజీ, మీ ట్యూషన్, ఏదైనా సరే, దాని ప్రామిస్‌ని "కిలో 2 రూపాయలు" అంత చిన్నగా రాసి కామెంట్‌లో పెట్టండి. బాగున్నవి నెక్స్ట్ ఎపిసోడ్‌లో చదువుతాను. రాసే ముందు ఒక్కసారి ఆలోచించండి, రేపు పొద్దున దాన్ని నిలబెట్టుకోగలరా అని. ఎందుకంటే పార్టీకి పోలింగ్ 5 ఏళ్లకోసారి, మీకు మాత్రం షట్టర్ ఎత్తిన ప్రతిరోజూ పోలింగే.