బీడు అంటే ఖాళీ నేల కాదు

తొలకరి పడితే చాలు, ఊరి బయట బీడులో గుంతలు తవ్వడం మొదలవుతుంది. మొక్కలు నాటడం మంచి పనే. కానీ చెట్టు లేని నేలంతా పాడుబడ్డ నేలేనన్న నమ్మకం చాలా చేటు చేస్తోంది.

ఈ నమ్మకం రెవెన్యూ లెక్కల్లో పుట్టింది. శిస్తు రాని నేలను బ్రిటిష్ పాలకులు పనికిరాని భూమి పద్దులో రాశారు. ఆ చూపు ఇంకా పోలేదు. కేంద్రం ప్రచురించే బంజరు భూముల అట్లాస్‌లో పొదల నేలలు, పశువుల మేత భూములు ఎన్నో బంజర్ల కిందే కనిపిస్తాయి.

నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు అలాంటి గడ్డి నేలే. బట్టమేక పిట్ట కోసం 1988లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 6 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. పేరులో అరణ్యం ఉన్నా, ఆ పక్షికి కావలసింది అడవి కాదు.

మగ బట్టమేక మీటరు ఎత్తు ఉంటుంది, 15 కిలోల దాకా తూగుతుంది. ఆడది గూడు కట్టదు. గడ్డి మధ్య వట్టి నేల మీద, సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. దానికి కోట గోడలేమీ లేవు. దూరం నుంచే శత్రువు కనబడటమే దాని రక్షణ. అక్కడ ఒక చెట్టు నాటామనుకోండి. కొమ్మ మీద వాలిన కాకికి కింద ఉన్న గుడ్డు కనబడుతుంది. చెట్టు చాటున కుక్కో నక్కో పొంచి ఉంటుంది. నీడ పడినచోట గడ్డి పలచబడుతుంది, గడ్డి పోతే మిడతలు పోతాయి, పిల్లకు మేత పోతుంది. ఇక సర్కారు తుమ్మ చేరిందంటే కొన్నేళ్లకే బీడంతా ముళ్లకంప.

అభయారణ్యానికి కంచె వేస్తే చాలదా? బట్టమేకకు ఈ ప్రాంతమంతా ఒక ఇల్లు. గడ్డి నేల పురిటి గది. చుట్టూ ఉన్న జొన్న, కొర్ర, వేరుశనగ చేలు వంటిల్లు. వాటి మధ్య మెట్ట బీళ్లు వసారా. మనం పురిటి గదికి తాళం వేసి, వంటిల్లు పడగొట్టి, వాకిట్లో తీగలు కట్టాం. సాగునీరు వచ్చాక మెట్ట పంటలు తగ్గాయి, పురుగుమందులు పెరిగాయి. ఎదుట ఉన్నది సరిగా కనబడని ఈ బరువైన పక్షి కరెంటు తీగలకు తగిలి చనిపోతోంది. మరోవైపు, కాపాడిన కృష్ణజింకలు పెరిగి చేల మీద పడ్డాయి. నష్టపోయిన రైతుకు పరిహారం వెంటనే అందకపోతే పిట్ట మీద ప్రేమ ఎలా పుడుతుంది?

మేత పూర్తిగా ఆపడమూ మందు కాదు. భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో 1982లో గేదెల మేతను నిషేధిస్తే, నీటి గడ్డి మడుగులను కమ్మేసి పక్షులకే జాగా తగ్గింది. గడ్డి నేలకు కొంత మేత కావాలి, కొంత విశ్రాంతీ కావాలి. ఏ భాగాన్ని ఎప్పుడు వదలాలో తరతరాలుగా మందలు తోలిన గొర్రెల కాపరులకు తెలుసు.

చలికాలంలో రోళ్లపాడుకు మధ్య ఆసియా నుంచి పిల్లిగద్దలు వస్తాయి. పగలంతా చేల మీద తక్కువ ఎత్తులో తేలుతూ మిడతలను, ఎలుకలను పట్టి, పొద్దువాలగానే గుంపుగా గడ్డిలోకి దిగి నేల మీదే నిద్రపోతాయి. రైతుకు కూలి అడగని కాపలాదార్లు అవి. వాటికీ చెట్టు అక్కర్లేదు.

దేశంలో మిగిలిన బట్టమేకలు 150 లోపే, దాదాపు అన్నీ థార్ ఎడారిలోనే. రోళ్లపాడులో అది కనబడటమే అరుదైపోయింది. అందుకే ఈ వానాకాలం మీ ఊరి బీడులో గునపం దింపేముందు అక్కడ మందలు మేపే వారిని అడగండి. మొక్కలు బడి ఆవరణలో, బాట పక్కన నాటండి. గడ్డిని గడ్డిగానే ఉండనివ్వండి.