రోజా పోతే డబ్బుతో తీరుతుందా?

రంజాన్ ఉపవాసాల (రోజాల) నెలలో చాలా ఇళ్లలో వినపడే ప్రశ్న ఒకటుంది: "పోయిన రోజాకు ఎంత కట్టాలి?" ఎంత అనే ముందు ఎందుకు పోయిందో చూడాలి. షరియత్ లెక్క అక్కడే మొదలవుతుంది. మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో ఆ లెక్క ఇలా ఉంటుంది.

తగిన కారణంతో తప్పిన రోజాకు ఖజా చాలు. అంటే రంజాన్ తర్వాత రోజుకు రోజు ఉండటమే. జ్వరమొచ్చినవాళ్లు, నెలసరిలో ఉన్న ఆడవాళ్లు, బాలింతలు, తమకో బిడ్డకో ముప్పని భయపడే గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని కిందికే వస్తారు. మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోసే హమాలీ రోజాతోనే పనిలోకి దిగి, ఎండకు ప్రాణం మీదికొస్తే నీళ్లు తాగొచ్చు. ఆ ఒక్క రోజు ఖజా చేస్తే సరి. సుమారు 77 కిలోమీటర్లు దాటే ప్రయాణంలో ఉన్నవాళ్లకూ వెసులుబాటు ఉంది. కోదాడ నుంచి హైదరాబాద్ దాకా లారీ తోలే డ్రైవర్‌కు అది వర్తిస్తుంది, సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లొచ్చే వ్యాపారికి వర్తించదు. డ్రైవరైనా తెల్లవారేసరికి ఇంట్లోనే ఉంటే ఆ రోజు రోజా పట్టాల్సిందే. ఇక మర్చిపోయి తింటే రోజా పోదు. వజూ (నమాజుకు ముందు కాళ్లూచేతులూ, ముఖం కడుక్కోవడం) చేస్తుంటే నీళ్లు గొంతు దిగితే మాత్రం పోతుంది, దానికి ఖజా ఉంది.

రోజాకు బదులుగా ఇచ్చే ఫిదియా అందరికీ కాదు. ఇప్పుడూ ఉండలేక, ముందుముందు ఉండగలమన్న ఆశ కూడా లేని పండు ముసలివాళ్లకు, నయంకాని జబ్బున్నవాళ్లకే. రోజాకు సుమారు 1.6 నుంచి 1.75 కిలోల గోధుమలో, వాటి ధరో ఒక పేదకు ఇవ్వాలి. నెలంతా పోతే దాదాపు అర క్వింటాలు. బియ్యం ఇస్తే ఆ గోధుమల ధరకు తగ్గకుండా ఇవ్వాలి. తర్వాత ఆరోగ్యం కుదుటపడితే మళ్లీ ఖజా చేయాల్సిందే.

అన్నిటికన్నా బరువైనది కఫ్ఫారా, అంటే ప్రాయశ్చిత్తం. రంజాన్ రోజా పట్టి, ఏ కారణమూ లేకుండా కావాలనే తిన్నా, తాగినా, దాంపత్యంలో పాల్గొన్నా ఇది పడుతుంది. షాఫయీ పద్ధతిలో చివరిదానికే. ఆ రోజు ఖజాతో పాటు వరసగా 60 రోజాలు ఉండాలి. మధ్యలో ఒకటి తప్పితే మళ్లీ మొదటికి రావాలి. నెలసరికి మాత్రం మినహాయింపు. అంత శక్తి నిజంగా లేనివాళ్లే 60 మంది పేదలకు రెండు పూటలా కడుపునిండా పెట్టాలి. ఉండగలిగినవాడు అన్నం పెట్టి తప్పించుకోవడం కుదరదు.

హదీసులో ఒక సంఘటన ఉంది. ఇలాగే రోజా పోగొట్టుకున్న ఒకాయన, తనకు రోజాలుండే శక్తీ లేదు, అన్నం పెట్టే స్తోమతా లేదన్నాడు. ప్రవక్త ఖర్జూరాల బుట్ట ఇచ్చి పేదలకు పంచమన్నారు. మదీనాలో మాకంటే పేదలెవరూ లేరన్నాడాయన. ప్రవక్త నవ్వి, తీసుకెళ్లి నీ ఇంటివాళ్లకే పెట్టమన్నారు.

షరియత్‌లో ఇంత వెసులుబాటు ఉంది కనుక ఇన్సులిన్ మీద బతుకుతున్న పెద్దవాళ్లు పాపమని భయపడి రోజా పట్టొద్దు. ముందు డాక్టర్‌ను, తర్వాత ఇమామ్ సాబ్‌ను అడగాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు పోయిన రోజాలు రాసిపెట్టుకుని, వచ్చే రంజాన్ లోపే తీర్చుకోవాలి. ఒంట్లో శక్తి ఉన్నంతకాలం ఆ బాకీ డబ్బుతో తీరదు.