కొండకు అడవి – గెడ్డకు నీరు

కొండమీద కురిసిన వాన ఎక్కడికి పోతుంది? అడవి ఉన్న కొండ ఈ ప్రశ్నకు ఒక సమాధానం చెబుతుంది. అడవి లేని కొండ మరొక సమాధానం చెబుతుంది. మొదటి కొండ మీద పడిన నీరు నేలలోకి ఇంకి, నెలల తరబడి ఊటలుగా బయటికి వస్తుంది. రెండవ కొండ మీద పడిన నీరు మట్టిని కోసుకొని, గంటలలోనే లోయలోకి దూకిపోతుంది. వాన రెండింటి మీదా సమానంగానే కురిసినా, వేసవి వచ్చేసరికి ఒక కొండ కింద పంట ఉంటుంది, మరొక కొండ కింద బిందెలతో బారులు తీరిన జనం ఉంటారు. ఈ సత్యాన్ని గ్రంథాలు చదవకుండానే గ్రహించిన ప్రజలు తూర్పు కనుమలలో ఉన్నారు. వారి నివాసాలలో ముంచింగిపుట్టు ప్రాంతం ఒకటి.

ప్రాంతం – ప్రజలు

ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రాల సరిహద్దున ముంచింగిపుట్టు మండలం ఉన్నది. పూర్వం విశాఖపట్నం జిల్లాలో భాగమైన ఈ మండలం, 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. ఇది ఎత్తైన పీఠభూమి. ఇక్కడి లోయలో ఉన్న జోలాపుట్ జలాశయం నిండినప్పుడు దాని నీటిమట్టమే సముద్రమట్టానికి 2,750 అడుగుల ఎత్తున ఉంటుంది. దాని చుట్టూ ఉన్న కొండలు అంతకంటె ఎత్తైనవి.

బగత, పోర్జ, గదబ, కోదు, వాల్మీకి, కోటియా మొదలైన గిరిజన తెగలవారు ఈ పరిసరాలలో నివసిస్తున్నారు. తెలుగుతోపాటు ఆదివాసీ ఒడియా కూడా ఇక్కడ వినిపిస్తుంది. కొండవాలుపై సామలు, చోళ్ళు, వలిసెలు, మెట్ట భూములలో పసుపు, అల్లం, గెడ్డల వెంబడి పల్లపు మడులలో వరి పండిస్తారు. అడవి నుండి చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు, కరక్కాయలు, తేనె సేకరిస్తారు. చైత్రమాసంలో వచ్చే ఇటుకల పండుగలో విత్తనాలను గ్రామదేవత ముందుంచి పూజించిన పిమ్మటనే వ్యవసాయపు పనులు ఆరంభిస్తారు. వీరి జీవనంలో అడవి, పొలం, నీరు ఒకదానినుండి మరొకటి విడదీయరానివి.

అడవి చేసే పని

దట్టమైన అడవిలో వానచినుకు నేరుగా నేలను తాకదు. ముందుగా చెట్ల తలలపై పడి, అక్కడినుండి పొదలపైకి, ఆ తరువాత రాలిన ఆకుల పొరపైకి జారుతుంది. అప్పటికి దాని వేగం తగ్గిపోతుంది. ఆకులు కుళ్ళి ఏర్పడిన మెత్తని నేల ఆ నీటిని పీల్చుకుంటుంది. వేళ్ళు చేసిన సందులగుండా నీరు లోపలి పొరలకు దిగుతుంది. వేళ్ళే మట్టిని పట్టి నిలుపుతాయి. ఇలా దాచుకున్న నీటిని కొండ తన పాదాలవద్ద ఊటల రూపంలో మెల్లగా విడిచిపెడుతుంది. అనేక ఊటలు కలిసి గెడ్డ అవుతుంది.

చెట్లు నరికివేసిన వాలుమీద ఈ క్రమమంతా తారుమారవుతుంది. చినుకు దెబ్బకు మట్టి విడిపోతుంది. సారవంతమైన పైపొర కొట్టుకుపోతుంది. కొన్నేళ్ళకు రాళ్ళు తేలుతాయి. నీరు ఇంకే చోటు లేక గెడ్డ వానకాలంలో పొంగుతుంది, వేసవిలో ఎండుతుంది. ఊటనీటినే తాగే కొండగ్రామానికి ఊట ఎండిపోవడమంటే మైళ్ళకొద్దీ నడక అని అర్థం. ఆ నడక భారమంతా సాధారణంగా స్త్రీలమీద పడుతుంది.

చిత్తడి నేలల విలువ

చిత్తడి నేల అనగానే కొల్లేరువంటి పెద్ద సరస్సులే మనకు స్ఫురిస్తాయి. కొల్లేరు 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. ఇటువంటి గుర్తింపునకు మూలం 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రాంసార్ నగరంలో కుదిరిన ఒప్పందం. దానిలోని నిర్వచనం చాలా విశాలమైనది. సహజమైనవైనా, మనుషులు నిర్మించినవైనా, నీరు నిలిచి ఉన్నవైనా, పారుతున్నవైనా అందులో చేరతాయి. ఆ దృష్టితో చూస్తే ఊట చుట్టూ ఉన్న తడినేల, గెడ్డ ఒడ్డు, మెట్లుమెట్లుగా దిగే వరిమడి, జలాశయపు అంచు అన్నీ చిత్తడి నేలలే. ఇవి చిన్నవి, ఏ జాబితాలోనూ వీటి పేర్లు కనిపించవు. అయినా చేపలకు, కప్పలకు, పక్షులకు ఇవే ఆశ్రయం. కొండమీదినుండి వచ్చే మట్టిని వడపోసి, తేటనీటిని కిందికి పంపేవి ఇవే.

మత్స్యగెడ్డ ప్రయాణం

ఈ చిన్న చిన్న గెడ్డలు కలిసే నదిని ఇక్కడివారు మత్స్యగెడ్డ అంటారు. మాడుగుల కొండలలో పుట్టిన ఈ నదికే మాచ్‌ఖండ్ అని పేరు. జోలాపుట్ వద్ద దీనికి అడ్డుకట్ట వేసి, డుడుమ జలపాతం వద్ద నీరు దూకే ఎత్తును ఉపయోగించుకొని విద్యుత్తును ఉత్పత్తి చేస్తున్నారు. ఈ పథకానికి నాటి మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు 1946లో ఒప్పందం చేసుకున్నాయి. 1955లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ దీనిని ప్రారంభించారు. ఆరు యంత్రాలతో 120 మెగావాట్ల సామర్థ్యం గల ఈ కేంద్రం రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి.

నది ప్రయాణం అక్కడితో ఆగదు. దిగువన ఇదే నదిని సీలేరు అంటారు. బలిమెల జలాశయంవద్ద నీటిని రెండు రాష్ట్రాలూ సమానంగా పంచుకుంటాయి. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ఎగువ సీలేరు కేంద్రంలో 240, డొంకరాయిలో 25, దిగువ సీలేరు కేంద్రంలో 460 మెగావాట్ల విద్యుదుత్పత్తికి ఈ నీరే ఆధారం. పిదప సీలేరు శబరిలో, శబరి కూనవరం వద్ద గోదావరిలో కలుస్తాయి. రబీలో గోదావరి ప్రవాహం తగ్గినప్పుడు డెల్టాలోని వరి పొలాలను ఆదుకొనేది సీలేరునుండి విడుదలయ్యే నీరే. కనుక ముంచింగిపుట్టు కొండమీద నిలిచిన చెట్టుకూ, గోదావరి డెల్టాలోని రైతు పొలానికీ సంబంధం ఉన్నది. కొండమీద చెట్టు పోతే ఊట తగ్గుతుంది. కొట్టుకువచ్చిన మట్టి జలాశయం అడుగున పేరుకొని, నీరు నిలిచే చోటును తగ్గిస్తుంది.

ఈ వెలుగుకు, ఈ పంటకు ఒక మూల్యం కూడా ఉన్నది. మాచ్‌ఖండ్ పథకం వలన సుమారు మూడువేల కుటుంబాలు నిర్వాసితమయ్యాయి. వారిలో గిరిజనులు పెద్దసంఖ్యలో ఉన్నారు. పునరావాసం లభించినది వారిలో కొద్ది కుటుంబాలకే. లోయలోని పల్లపు పొలాలు కోల్పోయినవారికి మిగిలింది కొండవాలు మాత్రమే. ఆ కొండవాలునే దున్నుకొని బతకవలసివచ్చినవారిని అడవిని నాశనం చేసేవారని నిందించడం న్యాయం కాదు.

పోడు నుండి కాఫీ వరకు

అడవిలో కొంత భాగాన్ని నరికి, కాల్చి, రెండుమూడేళ్ళు పండించి, తిరిగి అడవి పెరగడానికి విడిచిపెట్టడం పోడు వ్యవసాయ పద్ధతి. జనాభా తక్కువగా, విరామం దీర్ఘంగా ఉన్న కాలంలో అడవి తిరిగి కోలుకొనేది. భూమి తగ్గి, విరామకాలం కుదించుకుపోయేసరికి నేల సారం కోల్పోయింది. బ్రిటిషు ప్రభుత్వం అటవీ చట్టాలతో పోడును నిషేధించి, గిరిజనులను అడవికి పరాయివారిని చేసింది. 1922–24 నాటి మన్యం తిరుగుబాటుకు ఆ ఆంక్షలు ఒక ముఖ్యకారణం. ఆ తిరుగుబాటు నాయకుని పేరునే నేడు ఈ జిల్లా ధరించింది.

స్వాతంత్ర్యానంతరం మరొక మార్గం అన్వేషించారు. మాచ్‌ఖండ్ పరీవాహక ప్రాంతంలో మట్టి కొట్టుకుపోకుండా కాపాడడానికి 1960 దశకంలో అటవీశాఖ కాఫీ తోటలు పెంచింది. కాఫీ మొక్కకు నీడ కావాలి. నీడకు చెట్టు ఉండాలి. కనుక కాఫీ పండించే రైతు చెట్టును నరకడు. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ, ఆ తరువాత పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఈ సాగును గిరిజన రైతుల భూములకు విస్తరింపజేశాయి. నీడచెట్లకు మిరియపు తీగలు పాకించడంవలన రెండవ ఆదాయం కూడా లభించింది. నేడు ఈ మన్యంలో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ సాగవుతున్నది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది.

అయితే కాఫీ తోట సహజారణ్యంతో సమానం కాదు. నీడకోసం విరివిగా నాటిన సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా దేశపు చెట్టు. త్వరగా పెరుగుతుంది గాని, ఒకే జాతి చెట్లున్న తోటకు పలు జాతులున్న అడవి బలం ఉండదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన్యంలో నీడచెట్లు విరివిగా కూలిపోయి, కాఫీ రైతులు నష్టపోయారు. పనస, మామిడి, ఉసిరి, జీలుగ వంటి స్థానిక వృక్షాలను తోటలలో నిలుపుకోవడం అందుకే అవసరం.

హక్కు – బాధ్యత

పర్వత ప్రాంతాలలో మూడింట రెండు వంతుల భూమి అడవితో నిండి ఉండాలని 1988 నాటి జాతీయ అటవీ విధానం లక్ష్యంగా చెప్పింది. హిమాలయాలలోని చిన్న దేశమైన భూటాన్ ఇటువంటి లక్ష్యాన్ని రాజ్యాంగంలోనే పొందుపరచుకొన్నది. 2008లో అమలులోకి వచ్చిన ఆ రాజ్యాంగం దేశంలో కనీసం 60 శాతం భూమి శాశ్వతంగా అడవిగా ఉండాలని శాసించింది. భూటాన్‌కు జలవిద్యుత్తు ముఖ్యమైన ఆదాయం. నదులు నిలవాలంటే అడవులు నిలవాలని ఆ దేశం గ్రహించింది. శీతకాలంలో టిబెట్టునుండి నల్లమెడ కొంగలు వచ్చే ఫోబ్జిఖా లోయకు విద్యుత్తు అందించవలసివచ్చినప్పుడు, పక్షులకు అడ్డురాకుండా తీగలను భూమిలో వేశారు. గ్రామాలకు దీపాలు వచ్చాయి, చిత్తడి నేల మిగిలింది.

మన దేశంలో ఇందుకు ఉపకరించే చట్టాలు లేకపోలేదు. 1970 నాటి భూబదలాయింపు నిబంధన, అంటే ప్రసిద్ధమైన 1/70, షెడ్యూల్డు ప్రాంతాలలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా నిరోధిస్తుంది. ఈ ప్రాంతాలలోని ప్రభుత్వ భూములను సైతం ప్రైవేటు గనుల సంస్థలకు కౌలుకు ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు సమతా కేసులో తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యానికి మూలం అరకు సమీపంలోని అనంతగిరి మండలమే. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సాగుదారులకు భూమిపై హక్కునే గాక, తమ గ్రామ సామూహిక అడవిని కాపాడుకొనే హక్కును కూడా గ్రామసభలకు ఇచ్చింది. తనది కానిదానిని కాపాడవలసిందిగా ఎవరినైనా ఆదేశించవచ్చు గాని, తనదైనదానిని మనిషి ఆదేశం లేకుండానే కాపాడుకుంటాడు. ఆ చట్టం వెనుక ఉన్న ఆలోచన ఇదే.

అడవిని కాపాడవలసిన బాధ్యత కొండమీదివారిదే అనుకోవడం పొరపాటు. మత్స్యగెడ్డ నీటితో వెలిగే దీపాలు పట్టణాలలో ఉన్నాయి. ఆ నీటితో పండే ధాన్యం మైదానంలో ఉన్నది. ఫలం అనుభవించే చోటు దూరమైనంత మాత్రాన రుణం తీరిపోదు. ఊటను కాపాడే గ్రామానికి సురక్షితమైన తాగునీరు, పడవ అవసరం లేకుండా గెడ్డ దాటే వంతెన, పండించిన కాఫీకి గిట్టుబాటు ధర, అడవిపై చట్టం ఇచ్చిన హక్కు అందినప్పుడే ఆ రుణంలో కొంతైనా తీరుతుంది. కొండ పచ్చగా ఉంటే గెడ్డ పారుతుంది; గెడ్డ పారితేనే మైదానం పండుతుంది.

ప్రశ్నలు

1. అడవి నరికివేతవలన కొండగ్రామాలకు, మైదానాలకు కలిగే నష్టాలను వివరించండి.
2. మత్స్యగెడ్డ ప్రయాణాన్ని సంగ్రహంగా రాయండి.
3. కాఫీ సాగు అడవి రక్షణకు ఎంతవరకు తోడ్పడింది? దాని పరిమితులేవి?