విరేచనపు మందులు – వాడవలసిన తీరు

ప్రతిదినము విరేచనము కాకున్నచో దేహములో విషము చేరునని అనేకులు నమ్ముదురు. ఇది నిజము కాదు. దినమునకు 3 సార్లు మొదలుకొని వారమునకు 3 సార్ల వరకు ఎట్లయినను, ముక్కవలసిన పని లేక మలము మెత్తగా వెడలుచున్నచో అది ఆరోగ్యమే. అంతకంటె తగ్గి, మలము గట్టిపడి, బాధ కలిగినపుడే అది మలబద్ధకము.

అట్టివారు మొదట మందుల అంగడికి పోనక్కరలేదు. ఆకుకూరలు, పండ్లు, దంపుడు బియ్యము, చాలినంత నీరు, నడక – వీనితోనే పెక్కుమందికి గుణము కనుపించును. రక్తహీనతకు ఇచ్చు ఐరన్ మాత్రలు, కొన్ని నొప్పి మందులు మలబద్ధకమును కలిగించును. అట్లు తోచినచో వానిని మీయంతట మానక వైద్యునితో చెప్పుడు.

వైద్యుని చీటీ లేకయే దొరకు మందులలో ఇసబ్‌గోలు పొట్టు సౌమ్యమైనది. ఒక చెంచాడు పొట్టును నిండు గ్లాసు నీటిలో కలిపి వెంటనే త్రాగవలయును. నీరు చాలనిచో అది గొంతులోనో ప్రేగులోనో ఉబ్బి అడ్డుపడవచ్చును. మ్రింగుట కష్టమైనవారు దీనిని వాడరాదు. గుణమునకు రెండు మూడు దినములు పట్టవచ్చును. తొందరపడి మోతాదు పెంచకుడు.

సునాముఖి ప్రేగులను ప్రేరేపించును. రాత్రి పుచ్చుకొన్నచో 6 మొదలు 12 గంటలలో పనిచేయును. వైద్యుని సలహా లేక వారమునకు మించి వాడరాదు. మూత్రపిండముల వ్యాధి గలవారు మెగ్నీషియా కలిసిన మందులను తమంతట పుచ్చుకొనరాదు.

గర్భిణులు ఆముదము త్రాగరాదు. చంటిబిడ్డలకు ఆముదము పట్టు ఆచారము మనలో కలదు. బలవంతముగా పట్టునపుడు అది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయము కలుగవచ్చును. నెల దాటి, తల్లిపాలు బాగుగా త్రాగు బిడ్డ కొన్ని దినములు విరేచనము చేయకున్నను, మలము మెత్తగా నున్నచో భయము లేదు.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక యిది: కారణము తెలియని కడుపునొప్పికి విరేచనపు మందు ఈయరాదు. ఉండుకము వాచినపుడు నొప్పి తరచుగా బొడ్డుచుట్టు మొదలై, పిదప కుడివైపు క్రిందికి దిగును. దానిని అజీర్ణమని తలచి ఆముదమిచ్చినచో ఉండుకము పగులు ప్రమాదము కలదు. నొప్పితోపాటు వాంతులు, జ్వరము, పొట్ట ఉబ్బుట, అపానవాయువు సైతము వెడలకుండుట – వీనిలో ఏది యున్నను వెంటనే ఆసుపత్రికి పోవలయును. మలములో నెత్తురు పడినను, అకారణముగా బరువు తగ్గినను, 50 ఏండ్లు దాటిన పిదప క్రొత్తగా మలబద్ధకము కలిగినను, మందు కొనుటకు ముందే వైద్యపరీక్ష చేయించుకొనుడు.