పరిశోధనకు ఒక కాలం, నిధులకు మరో కాలం

సైన్సులో పరిశోధకులుగా స్థిరపడాలనుకునే పిల్లల కష్టాలు చెప్పేటప్పుడు సాధారణంగా జీతం దగ్గర మొదలుపెడతారు. నేను వయసు దగ్గర మొదలుపెడతాను. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఎమ్మెస్సీ అయ్యేసరికి 23 ఏళ్లు వస్తాయి. ఆపై సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ రాసి జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థికి నెలనెలా ఇచ్చే భృతి) తెచ్చుకోవాలి. 2023 జనవరి నుంచి అది మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాతి మూడేళ్లు 42,000. ఇంటద్దె అదనం. ఐదేళ్లతో భృతి ఆగిపోతుంది. ప్రయోగాలతో ముడిపడ్డ పీహెచ్‌డీ మాత్రం చాలాసార్లు ఐదేళ్లలో ముగియదు. పట్టా చేతికొచ్చేసరికి 29, 30 ఏళ్లు నిండుతాయి.

అప్పటికీ ఉద్యోగం రాదు. ముందు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత మరో శాస్త్రవేత్త దగ్గర చేసే తాత్కాలిక పరిశోధన) చేయాలి. ఐఐటీల్లో రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవం అడుగుతారు. వయసు 35 లోపు ఉన్నవారికి ప్రాధాన్యం ఇస్తారు. 30కి మూడు కలపండి. చేతిలో మిగిలేది రెండేళ్లు. అనారోగ్యం, ఇంటి బాధ్యత, తప్పిన ఒక ప్రయోగం, ఏదొచ్చినా ఆ రెండేళ్లు కరిగిపోతాయి. ఆడపిల్లలకు పెళ్లి, కాన్పు, పిల్లల పెంపకం సరిగ్గా ఈ వయసులోనే వస్తాయి. విరామం తర్వాత తిరిగొచ్చే మహిళల కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ వైజ్-కిరణ్ పథకం నడుపుతోంది. అది ఉండాల్సిందే. అయితే అది ఇచ్చేది ఫెలోషిప్, శాశ్వత పోస్టు కాదు.

ఏడాదికి ఏడాది ఎలా జారిపోతుందో చూద్దాం. ప్రభుత్వ నిధులు ఆర్థిక సంవత్సరాన్ని బట్టి నడుస్తాయి. మంజూరైన గ్రాంటు ఒకేసారి రాదు, విడతలుగా వస్తుంది. కిందటి విడత ఎలా ఖర్చయిందో చూపే యూసీ (వినియోగ ధ్రువపత్రం) పంపితే తప్ప తర్వాతిది కదలదు. ఆ కాగితం సంస్థ అకౌంట్స్ విభాగం దాటి, ఢిల్లీలో పరిశీలన ముగించుకునేసరికి నెలలు గడిచిపోవచ్చు. భృతి కూడా ఇలాంటి దారుల్లోనే రావాలి. అందుకే అది అప్పుడప్పుడు నెలల తరబడి ఆగి, ఆనక బకాయిలన్నీ కలిపి ఒక్కసారి పడుతుంది. హాస్టల్ మెస్ బిల్లు అలా ఆగదు.

ప్రయోగం మార్చి 31ని చూసుకుని నడవదు. జన్యువు మార్చిన ఎలుకలను సిద్ధం చేసుకోవడానికే ఏడాది పట్టవచ్చు. వరి మీద పనిచేసేవారికి ఒక ఖరీఫ్ తప్పిపోతే మళ్లీ ఖరీఫ్ దాకా ఆగాలి. రీఏజెంట్లు (ప్రయోగాల్లో వాడే ప్రత్యేక రసాయనాలు) చాలావరకు విదేశాల నుంచి రావాలి. విడత ఫిబ్రవరిలో చేతికొచ్చి, మార్చి నెలాఖరుకల్లా ఖర్చు చూపాల్సి వస్తే, కావలసింది వదిలేసి దొరికింది కొనుక్కోవాల్సిందే.

కొత్తగా ల్యాబ్ పెట్టుకునే అధ్యాపకుడికి ఇది మరీ భారం. మొదటి ఏడాది గది, కరెంటు, పరికరాల టెండర్లకే సరిపోతుంది. రెండో ఏడాది చేరిన విద్యార్థులకు పని నేర్పాలి. నమ్మదగ్గ ఫలితం మూడో ఏడు వస్తే, పేపర్ అచ్చయ్యేది నాలుగో ఏడు. ఇలాంటి యువ పరిశోధకులకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్ గడువు ఐదేళ్లే. మొక్క వేరూనుకునే వేళకే కాయలు లెక్కపెట్టడానికి వస్తారన్నమాట. అందుకే చాలామంది పెద్ద ప్రశ్నను పక్కనపెట్టి, పోస్ట్‌డాక్‌లో చేసిన పనికే చిన్న కొనసాగింపు ఎంచుకుంటారు. పేపర్ ఖాయంగా వస్తుంది గనుక వారిని తప్పుపట్టలేం. కానీ కొత్త ప్రశ్న వేయగల వయసు, ధైర్యం ఉన్నవాళ్లు గడువుకు భయపడి ఆగిపోవడమే ఈ వ్యవహారంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం.

కొన్ని ముడులు విప్పే ప్రయత్నం మొదలైంది. పరిశోధన గ్రాంట్ల కోసం ఏర్పడిన ఏఎన్‌ఆర్‌ఎఫ్ (అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ) చట్టం 2024 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. కొత్తగా చేరిన అధ్యాపకులకు ఆ సంస్థ ప్రత్యేక గ్రాంటు ఇస్తోంది. 2025 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ పరిశోధన సంస్థల కొనుగోలు నిబంధనలను సడలించింది. కొటేషన్లు లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షల రూపాయలకు పెరిగింది. చిన్న మార్పే, కానీ ల్యాబ్‌లో వారాలు మిగులుస్తుంది. అయితే ఈ సడలింపు కేంద్ర సంస్థలకు ఇచ్చింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చిక్కు అంతకంటే ముందే ఉంది. అక్కడ రెగ్యులర్ నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోయి, బోధన చాలావరకు కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకుల మీదే నడుస్తోంది. విదేశాల వైపు చూసేవారికీ దారి ఇరుకైంది. 2025లో అమెరికాలో పరిశోధన గ్రాంట్లు పెద్దసంఖ్యలో రద్దయ్యాయి, పేరున్న విశ్వవిద్యాలయాలు సైతం నియామకాలు ఆపుకున్నాయి.

విశ్వవిద్యాలయం బయట కూడా సైన్సు ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు హార్వర్డ్ శాశ్వత పోస్టు ఇవ్వలేదు. 1940లో ఆయన లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, ల్యుకేమియాకు (రక్త క్యాన్సర్) తొలితరం మందులు ఆయన బృందం చేతిమీదుగానే వచ్చాయి. మందుల, బయోటెక్ కంపెనీలున్న హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ చుట్టూ ఇవాళ అలాంటి ఉద్యోగాలు ఉన్నాయి. కానీ మన పీహెచ్‌డీ విద్యార్థుల్లో ఎక్కువమంది అటువైపు చూసేది అధ్యాపక పోస్టు మీద ఆశ వదులుకున్నాకే. మూడో ఏడాదిలోనే ఒక వేసవి కంపెనీ ల్యాబ్‌లో పనిచేసే వీలుంటే, ఆ నిర్ణయం తెలిసి తీసుకున్నదవుతుంది.

పీహెచ్‌డీలో చేరబోయేవారు గైడ్ పేరు ఒక్కటే చూసుకోకండి. ఆ ల్యాబ్‌లో పాత విద్యార్థులు ఎన్నేళ్లలో పూర్తిచేశారు? ఇప్పుడు ఎక్కడున్నారు? భృతి ఆగిన నెలల్లో సంస్థ తన నిధి నుంచి అడ్వాన్సు ఇస్తుందా? ఈ మూడూ గైడ్‌ను కాదు, ప్రస్తుతం అక్కడ పనిచేస్తున్న విద్యార్థులను అడగండి.